మన్మోహన్ సింగ్ నిజంగా రాజకీయాల్లోకి వచ్చింది ఏ రోజు?

(ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

తుంగభద్ర ఒడ్డు (ప్రశ్న)

మన్మోహన్ సింగ్ మీద ఏ వ్యాసం తీసినా ఒకటే వరస. కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, రిజర్వు బ్యాంకు, 1991 బడ్జెట్, ప్రధాని పదవి. అతుకులు ఎక్కడున్నాయో ఎవరూ చూపించరు. నాకు కావాల్సింది ఆ అతుకులే.

ఎంపీ కాని మనిషి బడ్జెట్ ఎలా పెట్టగలిగారు? బంగారం తాకట్టు, రూపాయి విలువ తగ్గింపు, ఈ రెండింట్లో ఆయన వంతు ఎంత? ఆర్థికవేత్తగా బాగా తెలిసి కూడా రాజకీయ నాయకుడిగా చేయలేకపోయిన పని ఒక్కటి చెప్పండి, అంకెలతో సహా. పొగడ్తలు, తిట్లు ఇప్పటికే బోలెడు చదివాను, అవి వద్దు.

దస్త్రాల గది

ముందు ఒక అపోహ. ఆయన్ని "ప్రొఫెసర్‌గా ఉండి నేరుగా మంత్రి అయ్యారు" అంటుంటారు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పింది 1969 నుంచి 1971 దాకానే. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఎక్కువ భాగం సర్కారు ఫైళ్ల మధ్యే గడిచింది. 1971లో విదేశీ వాణిజ్య శాఖ సలహాదారు, 1972లో ఆర్థిక శాఖ ముఖ్య సలహాదారు, 1976 నుంచి ఆర్థిక వ్యవహారాల కార్యదర్శి, 1980లో ప్రణాళికా సంఘం సభ్య కార్యదర్శి, 1982 సెప్టెంబరు నుంచి 1985 జనవరి దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు, ఆపైన 1987 దాకా ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. తర్వాత జెనీవాలో వర్ధమాన దేశాల సంస్థ సౌత్ కమిషన్. 1990 చివర్లో అప్పటి ప్రధాని చంద్రశేఖర్‌కు సలహాదారు, 1991 మార్చిలో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఛైర్మన్. అంటే 1991 జూన్ 21న ఆర్థిక మంత్రిగా ప్రమాణం చేసే నాటికి ఆ శాఖలో ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగిపోతుందో ఆయనకు కొట్టిన పిండి. తెలియంది ఓటరు ఒక్కడే.

ఎంపీ సంగతి. రాజ్యాంగం 75(5) ప్రకారం ఏ సభలోనూ సభ్యుడు కాని మనిషి ఆరు నెలలు మంత్రిగా ఉండొచ్చు. 88వ అధికరణ ప్రకారం మంత్రి ఏ సభలోనైనా మాట్లాడొచ్చు, సభ్యుడు కాని చోట ఓటు మాత్రం వేయలేడు. కాబట్టి 1991 జూలై 24 బడ్జెట్‌కు ఏ అడ్డూ లేదు. గడువు డిసెంబరు దాకా ఉంది, అక్టోబరులోనే అస్సాం నుంచి రాజ్యసభకు వచ్చేశారు.

అక్కడ ఒక చిక్కు ఉండేది. అప్పటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఏ రాష్ట్రం నుంచి రాజ్యసభకు పోటీ చేస్తే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. అందుకే గువాహటిలో అద్దె ఇంటి చిరునామా, అక్కడి ఓటరు జాబితాలో పేరు. ఆ నిబంధనను 2003లో తీసేశారు, 2006లో కుల్దీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అస్సాం నుంచి వరసగా ఐదుసార్లు, 2019 దాకా, ఆపైన రాజస్థాన్ నుంచి 2024 ఏప్రిల్ దాకా రాజ్యసభలోనే ఉన్నారు. లోక్‌సభకు ఒక్కసారే నిలబడ్డారు. 1999, దక్షిణ ఢిల్లీ, బీజేపీ అభ్యర్థి విజయ్ కుమార్ మల్హోత్రా చేతిలో సుమారు 30 వేల ఓట్ల తేడాతో ఓటమి.

తెలుగువాళ్లం మరిచిపోయే ముక్క ఇంకోటి. ఆ బడ్జెట్ రోజున ప్రధాని పీవీ కూడా ఎంపీ కాదు! ఆయన నంద్యాల ఉప ఎన్నికలో గెలిచింది నవంబరులో. ఎన్టీఆర్ అక్కడ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు.

ఇక బంగారం. రెండు విడతల్ని కలిపేసి మాట్లాడుతుంటారు. స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నులు స్విస్ బ్యాంకుకు వెళ్లింది మే నెలలో, చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగా. తిరిగి కొనుక్కునే షరతుతో అమ్మకం అది. రిజర్వు బ్యాంకు తన నిల్వల్లోంచి దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది జూలైలో. మన్మోహన్ హయాంలో జరిగింది ఈ రెండోదే. అది కూడా ఆ ఏడాదిలోనే విడిపించారు.

రూపాయి విలువ తగ్గించింది జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి. డాలరు 21 రూపాయల నుంచి 26 దగ్గరకు వెళ్లింది. ఒకే దెబ్బకు ఎందుకు చేయలేదంటే, మొదటి దాంతో మార్కెట్ ఎలా కదులుతుందో చూడాలి, రాజకీయంగా ఎంత గోల వస్తుందో కూడా చూడాలి. 1966 జూన్‌లో ఇందిర 4.76ను 7.50 చేసినప్పుడు సొంత పార్టీవాళ్లే విరుచుకుపడ్డారు. పీవీకి ఆ భయం ఉంది. రెండో విడతను ఆపించమని ఆయన అంటే, మన్మోహన్ రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికి పని అయిపోయింది. ఆ రంగరాజన్ తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు.

రూపాయి తగ్గించడం ఒక్కటే చూస్తే సగం కథే. ఆ వారంలోనే ఎగుమతిదారులకు ఖజానా నుంచి ఇచ్చే నగదు సాయం ఎత్తేసి, ఎగ్జిమ్ స్క్రిప్ పెట్టారు. వంద రూపాయల సరుకు ఎగుమతి చేస్తే ముప్పై రూపాయల దిగుమతికి హక్కు పత్రం. తనకు దిగుమతి అవసరం లేకపోతే బజారులో ప్రీమియంకు అమ్ముకోవచ్చు. ఎగుమతికి ప్రోత్సాహం అలాగే ఉంటుంది, ఖజానాకు మాత్రం రూపాయి ఖర్చు లేదు. అప్పుడు వాణిజ్య మంత్రి చిదంబరం. మన్మోహన్ 1962 ఆక్స్‌ఫర్డ్ పరిశోధన కూడా భారత ఎగుమతుల మీదే. మన ఎగుమతులు ఎదగకపోవడానికి ప్రపంచ గిరాకీని మాత్రమే నిందిస్తే చాలదు, మన విధానాల్లోనూ తప్పుంది అన్నది అందులో సారం. దాన్ని అమలు చేసే కుర్చీ దొరకడానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.

బస్తా లెక్క

మీ మూడో ప్రశ్నకు నా జవాబు: ఎరువులు. రెండుసార్లు, పద్దెనిమిదేళ్ల తేడాతో, ఒకే గోతిలో.

1991 జూలై 24న ఎరువుల ధర 40 శాతం పెంచుతున్నట్టు ప్రకటించారు. ద్రవ్య లోటు, అంటే రాబడికి మించి ప్రభుత్వం చేసే ఖర్చు, జీడీపీలో 8 శాతం దాటింది, దాన్ని 6.5కు దించాలి, సబ్సిడీల్లో కోయగలిగినంత పెద్దది అదే. లెక్క ప్రకారం తప్పు లేదు. కాంగ్రెస్ ఎంపీలే ఎదురు తిరిగారు. ఆగస్టు 6న 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు పెంపే లేదన్నారు. నన్నడిగితే ఆయన రాజకీయ నాయకుడైంది ఆ ఆగస్టు 6న. జూన్ 21 లెక్కలోకి రాదు.

వెనక్కి తగ్గడం కంటే ఆ మినహాయింపే పెద్ద తలనొప్పి. ఒకే కొట్టు, ఒకే యూరియా, రెండు ధరలు. ఎవరిది రెండెకరాలో, ఎవరిది ఇరవయ్యో దుకాణదారుకు ఎలా తెలుస్తుంది? కౌలు రైతు పేరు ఏ కాగితంలో ఉంటుంది? పాస్‌బుక్ ఒకరిది, సాగు ఇంకొకరిది అయిన చోట తక్కువ ధర బస్తా ఎటు పోతుందో ఊహించడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

1992 ఆగస్టులో అసలు పొరపాటు జరిగింది. భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధర నియంత్రణ ఎత్తేశారు. యూరియా మీద ఉంచారు, పైగా దాని ధర 10 శాతం తగ్గించారు. డీఏపీ (భాస్వరం ఎరువు), పొటాష్ బస్తాల ధర ఎగిరింది, యూరియా చవకైంది. రైతు చేసేదేముంది, చేతికి అందినదే చల్లాడు. నత్రజని, భాస్వరం, పొటాష్‌ల వాడకం నిష్పత్తి 1991-92లో 5.9:2.4:1 ఉన్నది ఒక్క ఏడాదిలో 9.5:3.2:1 అయింది. దేశం మొత్తానికి మంచిదని చెప్పే నిష్పత్తి 4:2:1. యూరియా ఎక్కువైతే పైరు పచ్చగా ఏపుగా కనబడుతుంది, కాండం మెత్తబడి పడిపోతుంది, వరికి దోమపోటు తోడవుతుంది. నష్టం కళ్లం దాకా వస్తే గాని కనబడదు. అందుకే ఆ పొరపాటు మీద ఓట్లు పోవు.

ఇప్పుడు 2010 ఏప్రిల్‌కు రండి. ప్రధాని ఆయనే. పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చింది. కిలో భాస్వరానికి ఇంత, కిలో పొటాష్‌కు ఇంత అని సబ్సిడీ నిలకడగా ఇచ్చి, అమ్మకం ధర కంపెనీలకు వదిలేయడం. మంచి పద్ధతే, యూరియాను కూడా కలిపి ఉంటే. కలపలేదు. డీఏపీ 50 కిలోల బస్తా 470 రూపాయల లోపు ఉండేది, 2012కల్లా 1,200 దగ్గరకు వెళ్లింది. యూరియా బస్తా 241 నుంచి 268కి మాత్రమే పెరిగింది. నిష్పత్తి 2009-10లో 4.3:2:1 దాకా దిగి వచ్చింది కాస్తా 2012-13లో 8.2:3.2:1.

1992లో ఏం జరిగిందో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు ఢిల్లీలో లేరు. అయినా యూరియా జోలికి వెళ్లలేదు. 1991లో కాలింది గుర్తుండి వెళ్లలేదని నా అభిప్రాయం. సంస్కరణలో ఓటరు కంటికి కనబడే సగం వదిలేసి, కనబడని సగం చేస్తే ధరల మధ్య తేడా మునుపటి కంటే పెరుగుతుంది. ముట్టుకోకపోయినా అంత చెడు జరిగేది కాదు.

వర్ధన్నపేట రోడ్డు

పై ఇద్దరూ పీవీని పక్కన నిలబెట్టారు. లైసెన్సుల రద్దును మన్మోహన్ ఖాతాలో వేయకండి. పరిశ్రమల శాఖ పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదన్న విధాన ప్రకటన కూడా జూలై 24నే, బడ్జెట్‌కు కొన్ని గంటల ముందు, సహాయ మంత్రి పి.జె. కురియన్ చేత సభ ముందు పెట్టించారు. మర్నాడు పత్రికల్లో బడ్జెట్ హోరులో అది కలిసిపోయింది. అలా కలిసిపోవాలనే చేశారు. 34 రంగాల్లో 51 శాతం విదేశీ పెట్టుబడికి నేరుగా అనుమతి కూడా అందులోదే.

ఇంకోటి. ఆర్థిక మంత్రిగా మొదట అడిగింది రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు ఐ.జి. పటేల్‌ను. ఆయన కాదన్నాక మన్మోహన్. షేర్ల బ్రోకరు హర్షద్ మెహతా కుంభకోణం మీద సంయుక్త పార్లమెంటరీ సంఘం నివేదిక వచ్చాక, 1993 డిసెంబరులో మన్మోహన్ రాజీనామా ఇస్తే పీవీ ఒప్పుకోలేదు. మైనారిటీ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి తలను కాపాడింది ప్రధాని. 2004 తర్వాత ఆయనే ప్రధాని, కానీ పార్టీ పగ్గాలు వేరే చేతుల్లో. ఎరువుల విషయంలో 2010లో ఆయన వెనక పీవీ లేరు. బస్తా లెక్క గారు ఆ తేడా కూడా కలిపి చూడాలి.

దస్త్రాల గది

ఒప్పుకుంటాను, పరిశ్రమల విధానం పీవీదే. చిన్న చేర్పు: 1993-94లో ద్రవ్య లోటు మళ్లీ 7 శాతం చుట్టూ చేరింది. పీవీ అండ ఉన్నా ఖర్చు తగ్గించడం సాగలేదు. నిలిచినవి సంస్థాగత మార్పులు. దిగుమతి సుంకం గరిష్ఠ రేటు 1991లో 150 శాతానికి, 1995కల్లా 50 శాతానికి దించారు. 1994లో టెలిఫోన్, సాధారణ బీమా, స్టాక్ బ్రోకర్ల మీద 5 శాతంతో సేవా పన్ను మొదలుపెట్టారు. అదే సంవత్సరం సెప్టెంబరులో, లోటు పూడ్చుకోవడానికి ప్రభుత్వం అడిగినంత రిజర్వు బ్యాంకు నోట్లు అచ్చు వేసే తాత్కాలిక ట్రెజరీ బిల్లుల పద్ధతికి ముగింపు పలికే ఒప్పందం కుదిరింది. మాజీ గవర్నరు ఆర్థిక మంత్రి కుర్చీలో ఉండి తన చేతికి తానే వేసుకున్న సంకెల అది. దీని మీద ఊరేగింపులు జరగవు, ఎవరూ వెనక్కి తిప్పమనీ అడగరు.

బంగారానికీ ఒక తోక ఉంది. 2009 నవంబరులో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) నుంచి 200 టన్నుల బంగారం కొన్నది, 670 కోట్ల డాలర్లకు. అప్పుడు ప్రధాని మన్మోహన్, గవర్నరు దువ్వూరి సుబ్బారావు.

తుంగభద్ర ఒడ్డు

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఒక్కటే మిగిలింది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా అన్నారు కదా. అన్నేళ్లు ప్రణాళికా సంఘంలో పనిచేసిన మనిషి దాన్ని చట్టంలో ఎందుకు రాయించలేదు?

దస్త్రాల గది

క్యాలెండర్ చూడండి. రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభ దాటింది 18న. రాజ్యసభలో ఒక్క పదం మార్చినా మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. 21తో ఆ లోక్‌సభ చివరి సమావేశాలు ముగిశాయి. 18న సభ ఏ పరిస్థితిలో నడిచిందో చూశాక మరోసారి అక్కడికి పంపే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే సవరణకు బదులు సభలో ప్రకటన.

రెండోది, ప్రత్యేక కేటగిరీ హోదా ఏనాడూ చట్టంతో నడిచింది కాదు. ప్రధాని, ముఖ్యమంత్రులు ఉండే జాతీయాభివృద్ధి మండలి నిర్ణయిస్తే ప్రణాళికా సంఘం అమలు చేసేది. మామూలు రాష్ట్రానికి కేంద్ర ప్రణాళికా సాయంలో 30 శాతం గ్రాంటు, 70 శాతం అప్పు. ప్రత్యేక రాష్ట్రానికి 90 గ్రాంటు, 10 అప్పు. ఆ యంత్రాంగం గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అది అలాగే నడుస్తుందన్న లెక్క మీదే ఆ మాట చెప్పి ఉంటారని నా అంచనా. ఆయన మే 26న దిగిపోయారు, రాష్ట్రం విడిపోయింది జూన్ 2న. 2015 మొదటి రోజున ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. వై.వి. రెడ్డి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది, పాత ప్రణాళికా సాయం ఆగిపోయింది. 2016 సెప్టెంబరులో హోదా బదులు ప్యాకేజీ అన్నారు. మీరు ఈ భాగం గురించి రాస్తే పునర్విభజన చట్టం సెక్షన్లలో హోదా కోసం వెతకకండి, అందులో లేదు. ఫిబ్రవరి 20 రాజ్యసభ కార్యక్రమాల్లో ప్రధాని ప్రకటన మొదటి అంశం చూడండి.