రచయితల రాయల్టీ లెక్కలకు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు?

మాది విజయవాడలో చిన్న ప్రచురణ సంస్థ. మార్చి ముగిసిందంటే రాయల్టీ (అమ్మకాల్లో రచయిత వాటా) టెన్షన్ మొదలు. షాపులకిచ్చిన పుస్తకాల్లో అమ్ముడుపోనివి నెలల తర్వాత వెనక్కొస్తాయి, అప్పటికే వాటికీ రాయల్టీ చెల్లించేసి ఉంటాం! ఈబుక్, ఆడియో వాటాలు వేరు. రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులు వారసులవే కాబట్టి, కొన్ని పుస్తకాల డబ్బు నలుగురైదుగురికి పంచాలి. ఒక్కొక్కరికి ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పన్ను కోత) సరేసరి.

అమ్మకాలన్నీ ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి గానీ, రచయితలవారీ స్టేట్‌మెంట్లు ఎక్సెల్‌లో చేత్తోనే చేస్తున్నాం. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) పట్టుకుని అమ్మకాలు లాగి, అడ్వాన్సు మినహాయించి స్టేట్‌మెంట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? విదేశీవి మా బడ్జెట్‌కు అందవు. వెనక్కొచ్చే పుస్తకాల కోసం మీరు రాయల్టీలో ఎంత శాతం ఆపి ఉంచుతారో కూడా చెప్పగలరు.