చిన్నప్పటి జాకీ చాన్‌ని ఇప్పుడు చూస్తుంటే: ఆ దెబ్బలకి చప్పట్లు కొట్టొచ్చా?

తణుకు శ్రీను

మా ఊళ్ళో వినాయక చవితి పందిట్లో రాత్రిపూట టీవీ, వీసీడీ ప్లేయర్ అద్దెకు తెచ్చి సినిమాలు వేసేవారు. తొమ్మిది రోజుల్లో రెండు రాత్రులు జాకీ చాన్‌వే. చివర్లో పేర్లు పడేటప్పుడు షూటింగ్‌లో తప్పిన షాట్లు, తగిలిన దెబ్బలు చూపిస్తారు కదా, అవి అయ్యేదాకా ఒక్కరు కూడా చాప మీంచి లేచేవారు కాదు. ఆయన కింద పడితే పందిరంతా ఒకటే నవ్వు. నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి.

మొన్న ఆదివారం మా ఎనిమిదేళ్ళవాడికి 1985 నాటి 'పోలీస్ స్టోరీ' చూపించాను. కొండవాలులో గుడిసెల మధ్య నుంచి కార్లు దూసుకుపోయే సీన్‌కి వాడు మంచం మీద గంతులేశాడు. తర్వాత రౌడీలు ఎక్కిన డబుల్ డెక్కర్ బస్సుకి ఆయన ఎదురుగా నిలబడతాడు. సడన్ బ్రేకు. పై అంతస్తు అద్దాల్లోంచి మనుషులు బయటికొచ్చి రోడ్డు మీద పడతారు. నిజానికి వాళ్ళు పడాల్సింది ముందున్న కారు మీద. బస్సు అనుకున్న చోటికి రాకుండానే ఆగిపోయింది. ఆ షాటే సినిమాలో ఉంచేశారు.

"నాన్నా, వాళ్ళు మళ్ళీ లేచారా?" అన్నాడు మావాడు. నాకు మాట రాలేదు.

నేను కన్‌స్ట్రక్షన్ సైట్లలో సేఫ్టీ చూస్తాను. మా దగ్గర రెండు మీటర్లు దాటితే హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టే బెల్టు) లేకుండా ఎవర్నీ ఎక్కనివ్వం. హుక్కు తగిలించకుండా సెంట్రింగ్ మీద నడిచాడని పోయిన వారమే ఒక కుర్రాణ్ణి దింపి ఆ రోజుకి పని ఆపించాను. అలాంటివాణ్ణి ఇంటికొచ్చి ఈ దూకుళ్ళకి చప్పట్లు ఎలా కొట్టను? నిజమైన దెబ్బని గొప్పదనంగా చూడటం తప్పని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

కిరణ్ ఎడిటింగ్

శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. ఆయన గొప్పదనం దెబ్బల్లో లేదు, లయలో ఉంది. చిన్నప్పుడే హాంకాంగ్‌లో పెకింగ్ ఒపెరా (పాట, పల్టీలు కలిసిన చైనా సంప్రదాయ నాటకం) బడిలో చేరి, ఏళ్ళ తరబడి పల్టీలు, పాట, కర్రసాము నేర్చుకున్న మనిషి. ఆయనతో కలిసి ఫైట్లు చేసిన నటులు సామో హంగ్, యూయెన్ బియావో కూడా అదే బడి. 1978లో వచ్చిన 'డ్రంకెన్ మాస్టర్' చూడండి. అందులో ఎత్తు మీంచి దూకి ఒళ్ళు పణంగా పెట్టే స్టంట్లు కాదు చూడాల్సింది, తూలుతూ కొట్టే ఆ అడుగులు. కూచిపూడి చూసిన కళ్ళకి ఆ తాళం వెంటనే పట్టుబడుతుంది.

నేను ఎడిటింగ్ పనిలో ఉన్నాను. ఈరోజు ఫైటు నా టేబుల్ మీదికి వస్తే ఒక్క గుద్దుని నాలుగు ముక్కలుగా కోసి అతికించమంటారు. ఆయన సినిమాలో కెమెరా దూరంగా నిలబడుతుంది. కొట్టేవాడూ, పడేవాడూ, మధ్యలో విరిగే కుర్చీ అన్నీ ఒకే ఫ్రేములో ఉంటాయి. చిన్నప్పుడు "భలే ఉంది" అనుకున్నది ఎందుకు భలే ఉందో నాకు ఇప్పుడే తెలుస్తోంది. పెద్దయ్యాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

పద్మజ, నిజామాబాద్

మీరిద్దరూ ఆయన ఒంటి గురించే మాట్లాడుతున్నారు. నేను మొన్న 'పోలీస్ స్టోరీ' చూసినప్పుడు నా కళ్ళు నటి మ్యాగీ చ్యాంగ్ మీంచి కదల్లేదు. హీరో ప్రియురాలు మే పాత్ర. పుట్టినరోజు చేద్దామని ఎదురుచూస్తుంటే అతను ఇంకో అమ్మాయిని ఇంటికి తెస్తాడు. తర్వాతంతా మే అలగడం, ఏడవడం, అతను వెంటపడి బతిమాలడం. చిన్నప్పుడు మా అన్నయ్యలతో కలిసి నవ్వాను. ఇప్పుడు ఆ అమ్మాయిని ఒక్కసారైనా మనిషిలా కూర్చోబెట్టి మాట్లాడించలేదే అని కోపం వచ్చింది. 1988లో రెండో భాగం తీస్తున్నప్పుడు ఆమె తలకి గాయమైంది, మిగతా షాట్లు డూపుతో లాగించారు. ఆయన దెబ్బలు అందరికీ కంఠతా వచ్చు. ఆమె దెబ్బ గురించి ఈ థ్రెడ్‌లో ఎవరైనా అన్నారా?

1992లో వచ్చిన మూడో భాగంలో మిషెల్ యో బైక్ మీద ఎగిరి కదులుతున్న రైలు పైకెక్కుతుంది. ఆ షాట్ కోసమే ఆవిడ బైక్ నడపడం నేర్చుకుంది. 'కర్తవ్యం'లో విజయశాంతిని చూసి పోలీసు అవుతానన్న పిల్లని నేను. మిషెల్ యో పేరు మాత్రం ఆవిడకి 2023లో ఆస్కార్ వచ్చేదాకా నాకు తెలియదు. మాకు వేసిన వీసీడీ అట్ట మీద ఒక్క జాకీ చాన్ బొమ్మే ఉండేది.

కృష్ణానగర్ రవి

నేను సినిమాల్లో పదకొండేళ్ళు ఫైటర్‌గా చేశాను. ఇప్పుడు మానేశాను. శ్రీను అన్నా, ఆ చివరి షాట్లు ఆపేయాలన్నట్టు రాశారు. మా వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి.

ఒక సినిమాలో హీరో మొదటి అంతస్తు మీంచి దూకే షాట్ ఉంది. దూకింది నేను. విగ్గు పెట్టి, వీపు కెమెరా వైపు తిప్పి నిలబెట్టారు. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, మీద పరుపులు వేశారు. నా ఎడమ మడమ పరుపు అంచు దాటి నేలకి తగిలింది. మూడు నెలలు మంచంలో ఉన్నాను. సినిమా రిలీజయ్యాక థియేటర్‌లో మా ఆవిడ పక్కన కూర్చుంటే, ఆ షాట్‌కి జనం హీరో పేరు చెప్పి ఈలలు వేశారు. తెర మీద నా పేరు ఎక్కడా లేదు.

జాకీ చాన్ సినిమా చివర చూపించేది అదే అన్నా. పడ్డది ఎవరు, మోసింది ఎవరు అనేది. తనది ఒక్కటే కాదు, తన టీము వాళ్ళవి కూడా. ఫైటర్ పడితే నొప్పి పుడుతుందని జనానికి చెప్పిన సినిమాలు నాకు తెలిసి అవే. అవి కూడా తీసేస్తే మేము అసలు లేనట్టే.

తణుకు శ్రీను

రవి గారూ, మీ మడమ సంగతి చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. చూపించొద్దని అనను. కానీ చూపించిన తీరు సంగతేమిటి? హుషారైన పాట పెట్టి, నవ్వమన్నట్టు వేస్తారు. 1986లో 'ఆర్మర్ ఆఫ్ గాడ్' కోసం యుగోస్లావియాలో చెట్టు మీంచి పడ్డాడు. మొదటి టేకు బాగానే వచ్చింది, తృప్తిగా లేదని రెండోసారి దూకితే కొమ్మ విరిగింది. పుర్రె పగిలింది, ఒక చెవికి వినికిడి దెబ్బతింది. అది పెద్ద స్టంటు కూడా కాదు. మా సైట్లో కూడా ప్రమాదాలు ఇలాంటి "చిన్న పని" దగ్గరే జరుగుతాయి.

2016లో ఒక కన్నడ సినిమా కోసం హెలికాప్టర్ మీంచి తిప్పగొండనహళ్ళి జలాశయంలోకి దూకిన ఇద్దరు నటులు మునిగి చనిపోయారు. నిజంగా దూకితేనే గొప్ప అనే మాట ఎక్కడికి దారి తీస్తుందో చూశాం కదా.

కిరణ్ ఎడిటింగ్

ఒక్క చోట మీతో కలుస్తాను. 'పోలీస్ స్టోరీ' క్లైమాక్స్‌లో షాపింగ్ మాల్ మధ్య బల్బుల తీగలు చుట్టిన స్తంభం పట్టుకుని జారతాడు. అరచేతులు కాలాయి, వెన్ను దెబ్బతింది. ఆ జారుడుని వేరువేరు కోణాల్లో మూడుసార్లు చూపిస్తారు. కథకి ఒక్కసారి చాలు. మిగతా రెండూ "చూడండి, నేనే దూకాను" అని చెప్పడానికే. ఎడిటర్‌గా నేనైతే ఒక్కటే ఉంచేవాణ్ణి.

పద్మజ, నిజామాబాద్

నేనైతే మూడూ ఉంచి, మిషెల్ యో రైలు షాట్ కూడా మూడుసార్లు వేయమనేదాన్ని. అదే మూడో భాగం చివర, కారు బానెట్ మీంచి ఆవిడ రోడ్డు మీద పడే ముక్క ఉంది. నేను నవ్వలేదు, కానీ కళ్ళు తిప్పుకోలేదు కూడా.

కృష్ణానగర్ రవి

శ్రీను అన్నా, పాట గురించి మీరన్నది నిజం. మళ్ళీ చూసినప్పుడు సౌండ్ పూర్తిగా తగ్గించి చూడండి. నేను అలాగే చూస్తాను. 'ఆర్మర్ ఆఫ్ గాడ్' చివర, ఆయన చెట్టు మీంచి పడ్డాక చుట్టూ పరిగెత్తుకొచ్చేవాళ్ళని చూడండి. ఎత్తుకుని తీసుకెళ్తారు. నేను పడ్డప్పుడు కూడా ముందు పరిగెత్తుకొచ్చింది నా తర్వాత దూకాల్సిన కుర్రాడే.

మీవాడికి జవాబు చెప్పండి. లేచారు అని కాదు, లేపారు అని.

తణుకు శ్రీను

చెప్పాను రవి గారూ. "ఎవరు లేపారు?" అని అడిగాడు. రాత్రి వాడితో కలిసి సౌండ్ తీసేసి చూస్తాం.