పొలం చేసేది మేము, అన్నదాత సుఖీభవ (రైతుకి ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం) పడేది ఓనర్‌కి. మాకు దారేంటి?

దుగ్గిరాల కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా నాన్న మూడెకరాలు కౌలుకి చేస్తారు, సార్వా (ఖరీఫ్)లో వరి, రెండో పంట మొక్కజొన్న. మాకు సొంతానికి సెంటు భూమి లేదు. ఓనర్ గారు విజయవాడలో ఉంటారు, మంచి మనిషే, కౌలు దగ్గర ఎప్పుడూ పీడించలేదు. కానీ 2025 ఆగస్టులో రాష్ట్రం 5,000, కేంద్రం (పీఎం కిసాన్) 2,000 ఆయన ఖాతాలో పడ్డాయి, నవంబర్‌లో మళ్లీ 7,000. ఇక్కడ యూరియా కట్ట దగ్గర్నుంచి కోత కూలి దాకా పెట్టుబడి అంతా నాన్న తెచ్చిన అప్పే. కౌలు కార్డుకి (కౌలు రైతని గుర్తించి ప్రభుత్వం ఇచ్చేది) సంతకం పెట్టమంటే 'రేపు భూమి మీద హక్కు అంటే?' అంటున్నారు. ఏం చెయ్యాలి?

తెనాలి రైతు:
బాబూ, ముందు రెండిటినీ విడదీసి చూడు. కేంద్రం ఏడాదికి ఇచ్చే పీఎం కిసాన్ 6,000 పేరు మీద భూమి ఉన్నవాళ్లకే, 2019లో మొదలైనప్పటి నుంచీ అంతే, కౌలుదారు ఎంత తిరిగినా అది రాదు. రాష్ట్రం ఇచ్చేదాని సంగతి వేరు, కౌలు రైతులకూ ఇస్తామన్నారు గానీ కార్డు ఉండాల్సిందే. ఆ కార్డు 11 నెలలకే. పంట మీదే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదని 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలోనే ఉంది. ఓనర్ గారి పీఎం కిసాన్ కూడా దీనివల్ల ఆగదు. ఫోన్‌లో కాదు, నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి, ఒప్పంద పత్రం చూపించి చెప్పు.

పొన్నూరు నుంచి:
అసలు తప్పంతా ఆ సంతకం దగ్గరే ఉంది. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చినప్పుడు ఓనర్ సంతకం అక్కర్లేదు, గ్రామంలో విచారించి ఇచ్చేవాళ్లు. 2019లో ఓనర్ ఒప్పుకుంటేనే అని పెట్టారు. మన డెల్టాలో భూములున్న చాలామంది గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లో ఉంటారు, నోటిమాట మీద కౌలు నడుస్తుంది, ఇక కాగితం మీద సంతకం ఎవరు పెడతారు? సాగు చేసేవాడికి సాయం చేరాలనుకుంటే ఈ నిబంధన మారాలి. మనం గట్టిగా అడగాలి కూడా.

ఆర్‌ఎస్‌కేలో పనిచేసేవాడిని:
తమ్ముడూ, రైతు సేవా కేంద్రం (ఆర్‌ఎస్‌కే)లో ఉన్నవాడిగా చెప్తున్నా, సుఖీభవ ఒక్కటే చూసుకుంటే పెద్దది పోతుంది. ఈ-క్రాప్ (ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం చేసే నమోదు) ఎవరి పేరు మీద ఉందో వెంటనే చూడండి. ఓనర్ పేరు మీద ఉంటే తుఫానుకి పంట పడిపోయినా పరిహారం, బీమా ఆయనకే వెళ్తాయి, ధాన్యం కొనుగోలు కేంద్రంలో డబ్బు కూడా ఆయన ఖాతాకే. సాగుదారుగా నాన్నగారి పేరు ఎక్కించి, వేలిముద్ర ఆయనదే పడేలా చూసుకోండి, గడువు దాటితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆధార్ బ్యాంకు ఖాతాకి లింక్ అయిందో లేదో బ్యాంకులో అడగండి. ఇక లోన్ అంటారా, అదే సర్వే నంబరు మీద ఓనర్ పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు మీకు ఇవ్వదు. నలుగురైదుగురు కౌలు రైతులు కలిసి జేఎల్‌జీ గ్రూపు (అప్పుకి అందరూ కలిసి బాధ్యత పడే గ్రూపు) పెట్టుకుంటే భూమి కాగితం లేకుండా అడగొచ్చు.

దుగ్గిరాల కుర్రాడు:
చాలా థాంక్స్ అన్నా. ఈ-క్రాప్ సంగతి మాకు తట్టనే లేదు, రేపు పొద్దున్నే వెళ్తాం. ఒప్పంద పత్రం ఖాళీది ఎక్కడ దొరుకుతుంది?

ఆర్‌ఎస్‌కేలో పనిచేసేవాడిని:
మీ ఊరి సచివాలయంలోనే. వీఆర్వో గారిని అడగండి, ఓనర్ భూమి పాస్‌బుక్ జిరాక్స్ కూడా తీసుకెళ్లండి.