బాస్ లేని టీమ్, తలో ఊళ్లో: మీరు ఎప్పుడు, ఎలా మాట్లాడుకుంటున్నారు?

తర్జుమా_తంటాలు
మేం ఏడుగురం. ఇంగ్లిష్, హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు, సబ్‌టైటిళ్లు చేస్తుంటాం. ముగ్గురం హైదరాబాద్‌లో, మిగతావాళ్లు రాజమండ్రి, విశాఖ, డల్లాస్, మెల్‌బోర్న్. కంపెనీ కాదు, ఓనరు లేడు. వచ్చిన పని పంచుకుంటాం, వచ్చిన డబ్బు చేసిన పేజీల లెక్కన పంచుకుంటాం. రెండేళ్లుగా బండి నడుస్తోంది గానీ మాట్లాడుకోవడానికి ఒక పద్ధతంటూ లేదు. ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు. పనీ అందులోనే, పుట్టినరోజు కేకులూ అందులోనే, డబ్బుల లెక్కా అందులోనే.

పోయిన నెల ఒక ఆరోగ్య పుస్తకం ఆరో అధ్యాయాన్ని ఇద్దరం చేసేశాం. నేను 14 పేజీలు, విశాఖ ఆవిడ మళ్లీ అవే 14 పేజీలు. ఆవిడ "ఆరు నేను తీసుకుంటా" అని పెట్టిన మెసేజ్ ఎవరిదో గృహప్రవేశం ఫొటోల కింద పడి ఉంది. నేను చూడలేదు. నేను మధుమేహం అని రాస్తే ఆవిడ చక్కెర వ్యాధి అని రాసింది, కాబట్టి రెండూ కలిపి వాడుకునే వీలు కూడా లేదు. చివరికి డబ్బు చెరిసగం అన్నాం. ఇద్దరికీ మనసు విరిగింది.

రోజూ మీటింగ్ పెట్టుకోవాలా, వారానికోసారి చాలా? అడిగేవాడు లేనిచోట ఎవరు ఎవరికి చెప్పాలి? ఇలాంటి టీముల్లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

కోడ్‌కాకి
రోజూ మీటింగ్ మాత్రం పెట్టుకోకండి. మేం ఐదుగురు ప్రోగ్రామర్లం. ఆఫీసు అలవాటు కొద్దీ పొద్దున తొమ్మిదిన్నరకి పావుగంట పెట్టాం. రెండో వారానికే అది హాజరు పట్టీ అయిపోయింది. "నిన్న చేసిందే ఇవాళా" అని ఐదుగురూ చెప్పేసి కెమెరా ఆపేసేవాళ్లం. మూడో వారం ఇద్దరే వచ్చారు. మానేద్దామని ఎవరూ అనలేదు, దానంతటదే పోయింది.

ఇప్పుడు సోమ, గురువారాల్లో రాత్రి 9 లోపు తలా నాలుగు ముక్కలు రాస్తాం: అయిన పని, చేయబోయేది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు దొరకం. ఆ నాలుగోది మొదట్లో లేదు. దాని వల్లే ఎక్కువ తిట్లు తిన్నాం కాబట్టి తర్వాత చేర్చాం. మొన్న గురువారం నేను రాసింది యథాతథంగా:

"లాగిన్ పేజీ అయింది. పేమెంట్ పని రేపు మొదలు. టెస్ట్ కీ ఇంకా రాలేదు, పాతది ఎవరి దగ్గరన్నా ఉందా? శని, ఆది మరదలి పెళ్లి, తెనాలిలో ఉంటా, ఫోనెత్తను."

చదవడానికి అరనిమిషం పడుతుంది. జవాబు ఇవ్వాల్సింది మూడో ముక్కకే.

నైట్‌డ్యూటీ_డల్లాస్
టైము సంగతి నేను చెప్తా. ఈ బాధ పడేది మేమే. ఇండియా వాళ్లు "ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర, అందరికీ ఓకేనా?" అంటారు. చలికాలంలో మాకది ఆదివారం పొద్దున 9, హాయిగా ఉంటుంది. కానీ అదే సమయానికి మెల్‌బోర్న్‌లో వేసవి, సోమవారం తెల్లవారుజాము 2. మీ మెల్‌బోర్న్ ఆవిడ మీటింగులకి రాదని అనుకుంటున్నారేమో, పడుకుని ఉంటుంది పాపం.

ఇండియా టైము ఆదివారం పొద్దున 7 పెట్టి చూడండి. మాకు శనివారం రాత్రి ఏడున్నర, వేసవిలో ఎనిమిదిన్నర. మెల్‌బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర, వాళ్ల చలికాలంలో పదకొండున్నర. నష్టపోయేది హైదరాబాద్ వాళ్ల ఆదివారం నిద్రే. మా నిద్ర కొన్నేళ్లుగా వాళ్ల కోసం పోతోంది, పర్లేదు.

ఇంకోటి. ఇండియాలో గడియారం ఏడాదంతా కదలదు. మాకు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. మెల్‌బోర్న్‌లో అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. అంటే ఏడాదిలో నాలుగుసార్లు ఎవరో ఒకరు గంట తేడాతో వస్తారు. మీటింగ్‌ని ఇండియా టైముకే కట్టేసి, ఈ నాలుగు తేదీలూ క్యాలెండర్‌లో పెట్టుకోండి. లండన్ నుంచి ఎవరన్నా చేరితే మాత్రం ఈ 7 గంటలు కుదరవు, వాళ్లకి చలికాలంలో రాత్రి ఒకటిన్నర అవుతుంది.

సంతకాల_పుస్తకం
నవ్వనంటే చెప్తాను. మా టీమ్‌కి పద్ధతి నేర్పింది మా అమ్మ డ్వాక్రా సంఘం.

మాది పశ్చిమ గోదావరి. సంఘాలకి పంచసూత్రాలని ఉంటాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకాల నిర్వహణ. మొదటిది సమావేశం, చివరిది పుస్తకం, మధ్యలో ఉన్నదంతా డబ్బే. చిన్నప్పుడు ఆ చాప చివర కూర్చుని చూసేదాన్ని. ముందు హాజరు వేస్తారు, తర్వాత పోయిన వారం తీర్మానం చదువుతారు, ఆ తర్వాతే కొత్త సంగతి. అంతా అయ్యాక రాసింది పైకి చదివి వినిపించి సంతకాలు పెట్టిస్తారు. వాళ్లలో ఒక పెద్దావిడకి సంతకం రాదు. ఇంకు డబ్బా ముందుకి జరిపినా వేలు పెట్టేది కాదు, "ఇంకోపాలి సదువమ్మా" అనేది. రెండోసారి విన్నాకే వేలిముద్ర. మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు, నేనూ విసుక్కున్నా. ఇప్పుడు మా టీమ్‌లో నేనే ఆ పెద్దావిడని.

మేం ఆరుగురం, బొమ్మలేసేవాళ్లం. గూగుల్ డాక్‌లో తీర్మానాల పుస్తకం అని ఒకటే ఫైలు. తేదీ, ఎవరెవరు ఉన్నారు, ఏం అనుకున్నాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి. పాత తీర్మానం చదవకుండా కొత్తది మొదలెట్టం. మీ ఆరో అధ్యాయం ఇందులో ఒక్క లైను: "6వ అధ్యాయం, విశాఖ, 20వ తేదీకి." ఆ లైను మీద గృహప్రవేశం ఫొటోలు పడవు.

పచ్చిపులుసు
మా దగ్గర గిట్లనే అయింది, గందుకే చెప్తున్న. ప్రతిదానికి మీటింగ్ ఎందుకు? అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అని ఉచితంగ సాఫ్ట్‌వేర్ ఇచ్చెటోళ్లున్నరు, వాళ్ల ప్రాజెక్టులు చూడుర్రి, 1999 నుంచి నడుస్తున్నయ్, దునియా మొత్తంల ఉన్న వాలంటీర్లతోని. మెయిలింగ్ లిస్టుల, అంటె అందరికి ఒక్కసారె పోయె ఈమెయిల్ల, లేని ముచ్చట జరగనట్టే లెక్క వాళ్లకు. ఎవరన్నా ఒక సంగతి పెడితె మామూలుగ 72 గంటలు చూస్తరు. ఎవ్వరు అడ్డం చెప్పకపోతె ఒప్పుకున్నట్టే. మనోళ్లు ఎన్నడో అన్నరు కద, మౌనం అర్ధాంగీకారం. అడ్డం చెప్పెటోడు ఊకె వద్దనొద్దు, ఎందుకు వద్దో చెప్పాలె.

72 ఎందుకంటె, ఎవరు ఏ దేశంల ఉన్నా, ఏ టైముల పన్నా, మూడు రోజులల్ల ఒక్కసారన్న చూస్తరని. మేం గదే పెట్టుకున్నం. పని ఆగుతలేదు.

అరుగుమీద
@పచ్చిపులుసు, ఆ మౌనం దగ్గరే నాకు దెబ్బ తగిలింది. మేమూ మూడు రోజుల నియమం పెట్టుకున్నాం. నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చి నాలుగు రోజులు నేను ఫోను చూడలేదు. తిరిగొచ్చేసరికి రేటు తగ్గించి ఒక పెద్ద పని ఒప్పుకున్నారు. "నువ్వేం అనలేదుగా" అన్నారు. నేను ఐసీయూ బయట కుర్చీలో ఉన్నా, అంగీకారంలో లేను.

ఇంకోరకం మౌనం కూడా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు, చిన్నవాళ్లు నచ్చకపోయినా ఊరుకుంటారు. బాస్ లేడంటాం గానీ, గ్రూపు మొదలెట్టిన మనిషికి ఎదురు చెప్పడం అంత తేలికేం కాదు.

మేం మార్చుకున్నది ఇది. చిన్న సంగతులకి 72 గంటలు చాలు. రేట్లు, కొత్త మనిషిని చేర్చుకోవడం, ఎవరినైనా తీసేయడం, అప్పు చేయడం, ఈ నాలిగింటికీ మాత్రం అందరూ "సరే" అని రాయాలి. ఒక్కరు రాయకపోయినా ఆగుతుంది. పని కొంచెం నెమ్మదైన మాట నిజమే.

పచ్చిపులుసు
గది కరెక్టే. డబ్బుల కాడ మౌనం నడవది.

కోడ్‌కాకి
ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? వాయిస్ పెడితే కింద మూడు లైన్లు రాయాలని మేం నియమం పెట్టాం. వాయిస్‌లు వాటంతటవే తగ్గిపోయాయి.

వెన్నెల_కుర్చీ
అందరూ పుస్తకం రాయండి, మినిట్స్ రాయండి అంటున్నారు. ఎవరు రాస్తున్నారో ఒక్కసారి చూశారా? మా తొమ్మిది మందిలో ఏడాదంతా రాసింది ఇద్దరం, ఇద్దరం ఆడవాళ్లమే. "నువ్వు నీట్‌గా రాస్తావ్" అంటారు. కాల్‌కి రమ్మని గుర్తుచేయడం మేమే, రానివాళ్లకి ఫోన్ చేసి చెప్పడం మేమే. లెక్కేస్తే వారానికి మూడు గంటలు. దానికి పేజీల్లేవు, డబ్బుల్లేవు.

అప్పుడు వంతులు పెట్టాం, పేరులో మొదటి అక్షరం వరసలో. ఆ వారం వంతు ఉన్నవాళ్లే కాల్ నడిపి, రాసి, గుర్తుచేయాలి. దానికి రెండు పేజీల పని చేసినంత డబ్బు, ముందే పక్కన తీస్తాం. డబ్బు పెట్టాక మగవాళ్ల చేతిరాత కూడా బాగుపడింది.

కాల్ ఎంతసేపని కొట్టుకోలేదు మేం. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకి తనే కట్ చేస్తుంది. మా టీమ్‌కి ఉన్న ఒకే ఒక్క బాస్ అది.

సంతకాల_పుస్తకం
ఉచితం అంటే గుర్తొచ్చింది. స్లాక్ అనే చాట్ యాప్ ఉచిత ప్లానులో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. అనుకున్నవన్నీ అందులోనే ఉంచేస్తే నాలుగో నెలలో వెతుక్కోవాల్సిందే. మాట్లాడుకునేది ఎక్కడైనా సరే, తీర్మానం మాత్రం వేరే చోట రాసుకోండి.

గొడవొస్తే టైపు చేయకండి. రెండు నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే మనిషి ఊహ ఎక్కడికైనా పోతుంది. మేం ఇద్దరి మధ్య తేడా వస్తే ముందు ఫోను, తర్వాత ఏం కుదిరిందో ఆ ఇద్దరూ కలిసి గ్రూపులో రెండు లైన్లు పెట్టాలి. ఎవరిది తప్పో రాయకూడదు.

తర్జుమా_తంటాలు
ఐదు వారాలైంది, ఏం చేశామో చెప్పడం మర్యాద.

ఆదివారం పొద్దున 7 కుదిరింది. మొదటి వారం ఒకాయన నోట్లో బ్రష్‌తో వచ్చాడు, కెమెరా ఆఫ్ చేయడం మర్చిపోయి. సోమ, గురువారాల నాలుగు ముక్కల్లో సోమవారానివి నిలిచాయి, గురువారానివి ఎవరూ రాయడం లేదు, పట్టుబట్టలేదు. ఎవరు ఏ అధ్యాయం తీసుకున్నారో ఒక షీటులో ఉంది. దాని పక్కనే ఇంకో షీటు, పదాలది. మధుమేహమా, చక్కెర వ్యాధా అన్నది నలభై నిమిషాలు నడిచి, చదివేవాళ్లు పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలు కాబట్టి చక్కెర వ్యాధి గెలిచింది. నేను ఓడిపోయాను. రాసుకున్నాం.

వంతుకి డబ్బు పెట్టే విషయంలో ఇద్దరికి ఇష్టం లేదు. అందుకని ప్రస్తుతానికి వంతు ఉంది, డబ్బు లేదు. మూడో వారం వంతు వచ్చిన మనిషి, అప్పటిదాకా వద్దన్న ఇద్దరిలో ఒకాయనే, కాల్ అయ్యాక నాకు విడిగా ఫోన్ చేసి "ఇది నిజంగానే పనేనండీ" అన్నాడు. డబ్బు సంగతి వచ్చే ఆదివారం మళ్లీ చర్చకు పెడతాం.

నైట్‌డ్యూటీ_డల్లాస్
మెల్‌బోర్న్ ఆవిడ వస్తున్నారా?

తర్జుమా_తంటాలు
ఐదు వారాలూ వచ్చారు. రెండేళ్లలో ఆవిడ గొంతు ఇంతసేపు వినడం ఇదే మొదటిసారి. వంతుకి డబ్బివ్వాలని మొదట అడిగింది ఆవిడే.