విండోస్ నుండి లినక్స్‌కు మారితే తెలుగు పని ఏమవుతుంది?

ప్రశ్న (హన్మకొండ): పెళ్లి పత్రికలు కూర్చే డీటీపీ దుకాణం నడుపుతున్నాను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా పాత కంప్యూటరు విండోస్ 11కు సరిపోనందున లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారదలచాను. 'అను' అనే తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఇన్నేళ్ల పని ఏమవుతుందోనని దిగులుగా ఉంది.

జవాబు (కరీంనగర్): మీ దిగులు సహేతుకమే, అన్నగారూ. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి లిపి అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే ప్రపంచ ప్రమాణం) కావు కనుక, ఫాంటు లేని చోట మీ తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ కూడా లినక్స్‌లో నేరుగా నడవదు. పాత ఫైళ్లను ముందే పీడీఎఫ్‌లుగా దాచుకొని, కొత్త పనిని యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక మీటల అమరిక) కీబోర్డుతో మొదలుపెట్టండి. అందులో 'క్క' రావాలంటే వరుసగా కె, డి, కె మీటలు నొక్కాలి. వత్తుకు దారి ఆ డి మీటే.

జవాబు (వరంగల్): హార్డ్ డిస్కును అప్పుడే తుడిచివేయకండి. పెన్‌డ్రైవ్ నుండే మింట్‌ను నడిపి, మీ ప్రింటరు దానికి పలుకుతుందో లేదో మొదట చూసుకోండి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. ఈ రాత్రి నుండే పీడీఎఫ్‌ల పని మొదలుపెడతాను.