చించిల్లా పిల్ల దగ్గరికి రావటంలా, ఏం పెట్టాలి?

వేదాయపాళెం బాబు:
మాది నెల్లూరు. చెన్నైలో ఉండే మా పిన్ని కొడుకు జర్మనీ పోతా పోతా వాడి చించిల్లా (ఎలుక జాతి బొచ్చు జంతువు) పిల్లని మా ఇంట్లో దిగబెట్టి పోయాడు, మూడు నెల్లది, పేరు బొబ్బట్టు. ఆరు రోజులైంది, పగలంతా చెక్కపెట్టెలో దూరి నిద్ర, రాత్రి పదకొండు దాటితే ఒకటే గెంతులు. మచ్చిక చేద్దామని చెనక్కాయలు, కిస్మిస్ పెట్టా, అవైతే లాక్కోని తింటది, గడ్డి మాత్రం ముట్టదు. నిన్న పట్టుకోబోతే జారిపోయింది, చూస్తే నా చేతిలో బొచ్చు కుచ్చు! జబ్బేమన్నానా? ఇంకోటి, అది పొర్లి స్నానం చెయ్యటానికి పెన్నా ఇసక జల్లెడ పట్టి పెట్టొచ్చా?

కావలోడు:
జబ్బు కాదన్నా, భయం. పట్టుకున్నోడి చేతిలో బొచ్చు వదిలేసి పారిపోవటం దాని ఉపాయం, మళ్ళీ మొలవటానికి కొన్ని నెలలు పడతది. పైనుంచి చెయ్యి వస్తే గద్ద అనుకుంటది, కాబట్టి కింద కూర్చోని అరచెయ్యి నేలమీద పెట్టి ఊరకుండు, అదే వస్తది.
చెనక్కాయలు, కిస్మిస్ ఈ రోజే ఆపు. నూనె, తీపి దాని పొట్టకి పడవు, పైగా ఆ రుచి మరిగితే గడ్డి మానేస్తది, గడ్డి నమలకపోతే పళ్ళు అరగవు, దీని పళ్ళు బతికినన్నాళ్ళూ పెరగతానే ఉంటయ్. తిమోతీ గడ్డి (ఎండబెట్టి అమ్మే మేత గడ్డి) ఎప్పుడూ నిండుగా ఉండాల, ఆరు నెల్లు నిండేదాకా కాస్త ఆల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి) కలుపు. గింజలు కలవని పెల్లెట్లు (గడ్డి పొడి అదిమి చేసిన గుళికలు) రోజుకో పెద్ద స్పూను. ఆశ పెట్టాలంటే ఒకటో రెండో ఓట్స్ రేకులు, అంతే. ఒక రోజంతా తినకపోయినా, పెంటికలు ఆగినా ఆలస్యం చెయ్యమాక, డాక్టర్ దగ్గరికి పరిగెత్తు.
పెన్నా ఇసక వద్దే వద్దు, గరుకు. చించిల్లా డస్ట్ అని అమ్ముతారు, పిండిలాగ ఉంటది, వారానికి రెండు మూడు సార్లు పది నిమిషాలు. నీళ్ళు మాత్రం పొయ్యమాక, ఒక్కో కుదురులో 50కి పైన వెంట్రుకలు, తడిస్తే ఆరి చావదు.

ఒంగోలు గిత్త:
తిండి సరే, ఎండ సంగతి ఎవరూ ఎత్తరేంది? ఆండీస్ కొండల జంతువు అది, 25 డిగ్రీలు దాటితేనే దానికి గండం, మన రోహిణి కార్తెకి ఏమైపోవాల? దానికి చెమట పట్టదు, ఫ్యాన్ వేసినా లాభంలా, ఏసీ ఉండాల్సిందే. చెవులు ఎర్రగా కందిపోయి సాగిలపడితే వడదెబ్బ అనుకో. పోయిన మేలో కరెంటు పోతే మా దానికి అట్టనే అయింది, చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి ఫ్రిజ్‌లో పెట్టుంటా ఎప్పుడూ, అది బోన్లో పెడితే పొట్ట ఆనించి పడుకుంది, బతికింది.

వేదాయపాళెం బాబు:
పన్నెండు రోజులైంది. కిస్మిస్ ఆపినాక రెండు రోజులు అలిగింది, తర్వాత గడ్డిపోచ రెండు చేతుల్తో పట్టుకోని చెరుకు తిన్నట్టు తింటుండాది. రాత్రుళ్ళు బోను తలుపు తీసి పక్కన కూర్చుంటుండా. నిన్న లుంగీ అంచు పట్టుకోని మోకాలెక్కి, పళ్ళ కొసల్తో నా వేలు గీరింది, నొప్పి లా. మా అమ్మ కూడా ఇప్పుడు ఆ రూములోనే పడుకుంటుండాది, పిల్లని చూసుకోటానికంట, ఏసీ కోసం కాదంట.