ఒక్కరే కాంట్రాక్టు పని చేసేవాళ్లకి ఎల్ఎల్‌పీ, కంపెనీ అవసరమా? సొంత పేరు చాలదా?

కరకంబాడి రోడ్డు:
తిరుపతిలోనే ఉండి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు పని చేస్తున్నాను. ఏడాదికి 30 లక్షల దాకా వస్తుంది. ముప్పావు వంతు అమెరికా క్లయింటు ఇచ్చేది, మిగతాది రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లకి చేసే ఫర్మ్‌వేర్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) పని. ఖర్చులు ఎంత కలిపినా 5 లక్షలు దాటవు. బిల్లులన్నీ నా పేరు మీదే. మా ఆడిటర్ గారు ఎల్ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకి పరిమితి ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టుకోమంటున్నారు, ప్రైవేట్ లిమిటెడ్ అయితేనే పన్ను తగ్గుతుందని మా బావ పట్టు. తమ్ముడికి కూడా ఈ పని వచ్చు, కావాలంటే చేరతాడు. పన్ను వరకు చూస్తే ఏది లాభం?

లెక్కల టేబుల్:
మీ పరిస్థితిలో సొంత పేరే. అభిప్రాయం పక్కన పెట్టి అంకెలు చూడండి. 2025-26 కొత్త రెజీమ్ స్లాబులతో వేస్తున్నాను.

1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అని ఒక సెక్షన్ ఉంది, వృత్తి చేసేవాళ్లు ఖర్చుల లెక్క చూపకుండా వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపించే వీలు అది. సొంత పేరు మీద అది వాడితే వచ్చినదాంట్లో సగం, అంటే 15 లక్షలే ఆదాయం. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఆ సెక్షన్ వర్తించే నోటిఫైడ్ వృత్తే. పన్ను 1,05,000, సెస్సుతో 1,09,200. పుస్తకాలు రాయక్కర్లేదు, ఆడిట్ లేదు, అడ్వాన్స్ టాక్స్ మార్చి 15 లోపు ఒక్కసారి కడితే చాలు.

కంపెనీ పెట్టి, ఖర్చులు పోగా మిగిలిన 25 లక్షలూ జీతంగా తీసుకున్నారనుకోండి. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోయాక పన్ను 3,19,800. అలా కాకుండా 12.75 లక్షలే జీతం తీసుకుంటే మీ చేతిలో పన్ను సున్నా. కానీ కంపెనీలో మిగిలిన 12.25 లక్షల మీద 25.17 శాతం (22 శాతం కంపెనీ పన్ను, దాని మీద సర్‌చార్జీ, సెస్సు) చొప్పున 3 లక్షల పైనే కట్టాలి. కట్టాక మిగిలింది ఇంకా కంపెనీదే, మీది కాదు. డివిడెండ్‌గా తీస్తే మళ్లీ మీ స్లాబులో పన్ను. మీ బావగారు 22 శాతం అన్న అంకె ఒక్కటే చూసి చెబుతున్నట్టున్నారు.

ఎల్ఎల్‌పీకి 44ఏడీఏ వర్తించదు. తమ్ముడితో కలిసి పెట్టినా భాగస్వాముల పారితోషికానికి పరిమితి ఉంది: మొదటి 6 లక్షల బుక్ ప్రాఫిట్‌లో (పారితోషికం తీయకముందు లాభంలో) 90 శాతం, ఆపైన 60 శాతం. 25 లక్షల మీద అది 16.8 లక్షలు. మీరిద్దరూ సమానంగా పంచుకుంటే మీకు పన్ను పడదు, కానీ మిగిలిన 8.2 లక్షల మీద ఎల్ఎల్‌పీ 31.2 శాతం కట్టాలి, అంటే 2,55,840. పైగా 2025 ఏప్రిల్ నుంచి భాగస్వామికి ఇచ్చే పారితోషికం ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కూడా కోయాలి.

చిత్తూరు పల్ప్ లైన్:
పన్ను ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి అన్నా. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి ఆటోమేషన్ పని చేస్తాను. తోతాపురి సీజన్‌లో లైన్ ఒక పూట ఆగిందంటే బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి, లోపల సరుకు పాడవుతుంది. ఆ నష్టం నీ ప్రోగ్రామ్ వల్లే అని యజమాని కోర్టుకు పోతే సొంత పేరు మీద చేసేవాడి ఇల్లు కూడా పోతుంది. ఏడాదికి లక్షన్నర పన్ను ఎక్కువైనా ఎల్ఎల్‌పీ గొడుగు ఉండాల్సిందే. టర్నోవరు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఎల్ఎల్‌పీకి ఆడిట్ కూడా లేదు. మే 30కి ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబరు 30కి ఫారం 8 (ఖాతాల వివరం) వేస్తే సరిపోతుంది.

లెక్కల టేబుల్:
భయం న్యాయమైనదే. ఆ గొడుగు మాత్రం మీరు అనుకున్నంత పెద్దది కాదు. 2008 ఎల్ఎల్‌పీ చట్టం 28వ సెక్షన్ చదవండి. భాగస్వామి అయినంత మాత్రాన ఎల్ఎల్‌పీ అప్పులు మీ మీద పడవు, నిజమే. కానీ సొంతంగా చేసిన తప్పుకి సొంత బాధ్యత అలాగే ఉంటుంది. ప్రోగ్రామ్ రాసింది మీరే అయినప్పుడు తప్పు ఎవరిదవుతుంది? మీలాంటివాళ్లకి అసలు రక్షణ రెండు చోట్ల ఉంది. ఒకటి, నష్టపరిహారం బిల్లు మొత్తాన్ని మించకూడదని అగ్రిమెంటులో రాయించుకోవడం. రెండు, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, అంటే పనిలో జరిగిన తప్పు వల్ల వచ్చే నష్టానికి బీమా. ఈ రెండూ సొంత పేరు మీద కూడా కుదురుతాయి.

ఇంకొకటి. మీరు ప్యానెళ్లు, సెన్సర్లు కూడా సరఫరా చేస్తుంటే అది వృత్తి కాదు వ్యాపారం అని అధికారి అనే అవకాశముంది. అప్పుడు 44ఏడీఏ కాదు, వ్యాపారాలకి ఉన్న 44ఏడీ సెక్షన్ లెక్క వస్తుంది. డిజైన్ ఫీజుకీ సామానుకీ బిల్లులు వేరుగా పెట్టుకోండి.

బైరాగిపట్టెడ:
నేను ఇంటీరియర్ డిజైనర్‌ని, నేనూ 44ఏడీఏలోనే ఉన్నాను. అయినా లెక్కల టేబుల్ గారి మొదటి లెక్కతో నాకు పేచీ ఉంది. ఖర్చు 5 లక్షలని ప్రశ్న అడిగినాయనే చెప్పారు, మిగిలింది 25 లక్షలు. మరి 15 లక్షలే ఆదాయం అని ఎలా రాస్తారండీ? సగం లేదా అంతకంటే ఎక్కువ సంపాదించానని పన్నుదారు చెప్పిన మొత్తం, ఏది ఎక్కువైతే అది అని సెక్షన్‌లో ఉంది. 25 మిగిలిందని తెలిసి 15 అని సంతకం పెట్టడం నాకు మనసొప్పదు. నేను ఏటా సగం కంటే ఎక్కువే చూపిస్తున్నాను.

లెక్కల టేబుల్:
మీ నిజాయితీని గౌరవిస్తాను మేడమ్. కానీ చట్టం సగాన్ని కనీసంగా పెట్టింది, అసలు ఖర్చులు లెక్కగట్టమని అడగలేదు. అలా లెక్కగట్టాల్సి వస్తే పుస్తకాల నుంచి మినహాయింపు ఎందుకు ఇచ్చినట్టు? ఖర్చు ఎక్కువైనవాడు కూడా ఆడిట్ వద్దనుకుంటే సగం మీదే పన్ను కడుతున్నాడు కదా.

బైరాగిపట్టెడ:
నష్టపోయేవాడికి ఆడిట్ చేయించుకునే దారి ఉంది, అందుకని మిగతావాళ్లు తక్కువ రాయొచ్చని అర్థం రాదు. సరే, న్యాయం సంగతి వదిలేద్దాం. ఏడాదికి 15 లక్షలు ఆదాయమని చూపించి, అదే ఏడాది తిరుచానూరు దగ్గర 22 లక్షల ప్లాటు రిజిస్టర్ చేయిస్తే ఆ డబ్బు ఎక్కడిదని నోటీసు రాదా? పెద్ద మొత్తాల రిజిస్ట్రేషన్ వివరాలు డిపార్ట్‌మెంటుకి చేరుతున్నాయి. ఈ మాట కూడా ఆయనకి చెప్పాలి.

కరకంబాడి రోడ్డు:
ఇది నేను అసలు ఆలోచించలేదు, థాంక్స్ మేడమ్. ఇంకో ఇబ్బంది. ఒక యూనిట్ వాళ్లు కంపెనీ బిల్లు అయితేనే తీసుకుంటామంటున్నారు. రోజూ ఉదయం వచ్చి అక్కడే కూర్చోవాలట, వేరే పని ఒప్పుకోకూడదట, నెలకింత అని ఇస్తారట.

చిత్తూరు పల్ప్ లైన్:
అది కాంట్రాక్టు కాదన్నా, ఉద్యోగం. పీఎఫ్ తప్పించుకోవడానికి వాళ్లు వేసిన ఎత్తు. కంపెనీ పెట్టినా పెట్టకపోయినా ఆ షరతుల మీద సంతకం పెట్టొద్దు.

లెక్కల టేబుల్:
నూటికి నూరు పాళ్లు. అలాంటి డబ్బుని అధికారి జీతమే అంటే 44ఏడీఏ ఎగిరిపోతుంది. ఊరికే కంపెనీ బిల్లు కావాలంటే మాత్రం జీఎస్టీ నంబరున్న సొంత బిల్లు చూపించండి, ఇన్‌పుట్ క్రెడిట్ (మీకు కట్టిన జీఎస్టీని తమ జీఎస్టీలో తగ్గించుకునే వీలు) వాళ్లకి ఎలాగూ వస్తుంది. 20 లక్షలు దాటారు కాబట్టి మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. రేణిగుంట బిల్లుల మీద 18 శాతం వేయండి. అమెరికా బిల్లుకి ఏటా ఎల్‌యూటీ (జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) వేస్తే పన్ను లేకుండా పంపొచ్చు, డబ్బు డాలర్ల లాంటి విదేశీ కరెన్సీలో రావాలి. వసూళ్లలో నగదు 5 శాతం దాటనంతవరకు 44ఏడీఏ పరిమితి 75 లక్షలు. మీరు అక్కడికి చేరాక, తమ్ముడు కూడా పూర్తిగా పనిలోకి దిగితే, అప్పుడు ఎల్ఎల్‌పీ గురించి మళ్లీ లెక్క వేద్దాం.

బైరాగిపట్టెడ:
ఆ లెక్కలో 25 లక్షలు వేసి కూడా ఒకసారి చూడండి సార్. ఆయన ముందు రెండూ పెట్టండి, ఏది రాయాలో ఆయనే తేల్చుకుంటారు.

లెక్కల టేబుల్:
25 లక్షలు చూపిస్తే సొంత పేరు మీద పన్ను 3,43,200. కంపెనీ జీతం దారికంటే 23,400 ఎక్కువ. కానీ కంపెనీకి ఏటా తప్పనిసరి ఆడిట్, ఫైలింగులు ఉన్నాయి, ఆ ఫీజులు కలిపితే తేడా పెద్దగా మిగలదు.